మా మాస్టారి ఫోనుకు తెలుగు చదవడం వచ్చు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తెలుగు నోటీసులు, జాబితాలు, దరఖాస్తులు తయారుచేసే కార్యాలయాల అధికారులకు, వాటిని కూర్చుని టైపు చేసే ఆపరేటర్లకు,

నమస్కారం.

మీ తెలుగు నోటీసులను బొమ్మలుగానే కాక అక్షరాలుగా కూడా ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం. దీన్ని నా చేత రాయిస్తున్నది మా వీధి చివర ఉండే సంగీతం మాస్టారు. ఆయనకు చూపు పోయి పదేళ్లు దాటింది. ఫోను మాత్రం నాకంటే బాగా వాడతారు. అందులో టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఉంటుంది. తెర మీద వేలు జరుపుతుంటే వేలి కింద ఏముంటే అది చదివి చెప్తుంది. ఇంగ్లీషే కాదు, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కొంచెం యంత్రంలాగే ఉంటుంది, రాగం తాళం తెలియని మనిషి పంచాంగం చదివినట్టు ఉందని మాస్టారు విసుక్కుంటారు. అయినా పొద్దున పేపరు దగ్గర్నుంచి మనవరాలి మెసేజీల దాకా అన్నీ దాంతోనే వింటారు.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు పొద్దున ఏడుకే కర్రతో మా గేటు తట్టారు. చేతిలో ఫోను.

"నాయనా, మన వీధి గ్రూపులో ఏందో వచ్చిండాది. నా ఫోను 'ఫోటో' అని చెప్పి ఊరకుంటాంది. రవ్వంత చదివి పెట్టు."

తీసుకుని చూశాను. నీళ్ల గురించి నోటీసు. ఏ వీధికి ఏ రోజు నీళ్లు రావో, ట్యాంకరు కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉంది. మా వీధికి నీళ్లు రాని రోజు, చూస్తే, నిన్ననే. సరే, ట్యాంకరుకైనా చెబుదామని కింద నంబరు చూశాను. అది కాగితానికి తీసిన ఫోటో. దాన్ని ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, ఆ స్క్రీన్‌షాట్‌ను ఇంకెవరో పంపారు, నాలుగు గ్రూపులు తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి అక్షరాల చుట్టూ చీమలు పట్టినట్టయింది. ఐదో అంకె మూడో ఎనిమిదో తేలలేదు. మూడనుకుని చేస్తే పలమనేరులో టమోటాల వ్యాపారి ఎవరో ఎత్తాడు. ఎనిమిదనుకుని చేస్తే స్విచాఫ్.

మాస్టారు నవ్వారు. "నాకంటే కండ్లు లేవు. కండ్లుండే నీకేమొచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ నోటీసు అలా ఎందుకు తయారైందో మాత్రం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అలాంటివి తయారుచేసినవాణ్ని నేనే.

2001 నుంచి ఐదేళ్లపాటు తిరుపతి గాంధీరోడ్డు పక్క సందులో ఒక డీటీపీ షాపులో పనిచేశాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, తిరునాళ్ల పోస్టర్లు, ఎన్నికలొస్తే అభ్యర్థుల జీవిత చరిత్రలు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరవడం, తెలుగు ఫాంటు పెట్టడం, టైపు చేయడం, బటర్ పేపరు మీద ప్రింటు తీయడం, ప్రెస్సుకు పంపడం. ఆ ఫాంట్లు లేకపోతే మా జిల్లాలో సగం పెళ్లిళ్లకు పత్రికలుండేవి కావు, వాటిని నేను తక్కువ చేయను. కాకపోతే అవి పనిచేసే తీరు వేరు. ఒక పాత ఫాంటులో అక్షరాలకు ఉండేది 256 గడులు. అవీ ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించినవి. వాటి స్థానంలో తెలుగు ముక్కలు పెట్టారు: ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఒకచోట వత్తు. తెర మీద మనకు తెలుగు కనిపిస్తుంది. కంప్యూటరు కడుపులో ఉండేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొటేషన్లు. మా వైపు వీధినాటకంలో వేషం కట్టినట్టే. ఆ ఫాంటు ఉన్నంతసేపూ ఆయన దుర్యోధనుడు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కిరీటం, గద, భుజకీర్తులు అన్నీ ఊడిపోయి, బీడీ కాల్చుకునే ఆసామి బయటపడతాడు.

వీధినాటకం మాట ఊరికే తేలేదు. మా నాయన భారతం ఆటలో వేషం కట్టేవాడు. మా జిల్లాల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలు తెలియనివాళ్లుండరు. పగలు హరికథ, రాత్రి ఆట, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం. నాయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది, పద్యాలు, దరువులు, మధ్యలో హాస్యగాడి మాటలు అన్నీ రాసుకున్నది. 2003లో షాపు మూసేశాక రాత్రిళ్లు కూర్చుని దాన్నంతా టైపు చేశాను. అరవై పేజీలు. ఫ్లాపీలో పెట్టి, తర్వాత సీడీలో కూడా పెట్టి బీరువాలో దాచాను. నోటుపుస్తకాన్ని చెదలు తిన్నప్పుడు పెద్దగా బాధపడలేదు కూడా, సీడీ ఉంది కదా అని.

2016లో ఆ ఫైలు కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచాను. అరవై పేజీల నిండా కామాలు, యూరో గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఏవో పరదేశపు అక్షరాలు. నాయన గొంతు ఒక్క అక్షరం లేదు. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు.

తర్వాత ఏం చేశానంటే, పాత ఫాంటు నుంచి, ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతికి మార్చే కన్వర్టర్లు వెతికి పట్టుకున్నాను. చాలామటుకు తిరిగొచ్చింది. వత్తులు మాత్రం ఎక్కడివక్కడ జారిపోయాయి. ద్రౌపది పేరే మూడు రకాలుగా వచ్చింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక కూర్చుని ఒక్కో పేజీ దిద్దుకుంటూ పోతే రెండు నెలలు పట్టింది. నాలుగుచోట్ల ఏముండేదో నాకూ గుర్తు లేదు, చుక్కలు పెట్టి వదిలేశాను.

ఇదంతా మీకు ఎందుకు చెప్తున్నానంటే, మీ బీరువాల్లో, మీ పాత కంప్యూటర్లలో ఇలాంటి ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఊహించగలను కాబట్టి. నావి అరవై పేజీలు. మీవి ఊళ్లకు ఊళ్లు.

ఇప్పుడు ఇంకో కథ. ఇది మా అక్కది. వాళ్ల ఊరికి సంబంధించిన ఒక జాబితా వచ్చింది. పేర్లలో తప్పులుంటే వారం లోపల చెప్పాలన్నారు. పీడీఎఫ్ ఫైలు, నూటనలభై పేజీలు. అక్క నాకు పంపింది, "నువ్వు కంప్యూటరోడివి కదా, ఒక్క నిమిషంలో చూసి చెప్పు" అని. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఊరి పేరు కొట్టాను. సున్నా ఫలితాలు. బావ పేరు కొట్టాను. సున్నా. పేజీ మీద ఒక మాటను మౌసుతో పట్టుకుందామంటే పేజీ పేజీ అంతా నీలం రంగు తిరిగింది. స్కాను. పేర్లు అకారాదిగా కూడా లేవు. ఇక దీపం పురుగులా తెరకు కళ్లు అతికించుకుని మొదటినుంచి చూసుకుంటూ పోయాను. లేదు. రెండోసారి చూశాను. లేదు. ఆరో రోజున మా మేనకోడలు ప్రింటు తీయించి, స్కేలు పెట్టుకుని వరుసా వరుసా చూస్తే ఎనభై ఏడో పేజీలో దొరికింది. బావ ఇంటిపేరు తప్పు.

ఆ జాబితాను మీ ఆఫీసులో ఎవరూ చేత్తో రాయలేదు. ఎక్సెల్‌లోనో వర్డ్‌లోనో టైపు చేశారు. అప్పుడది అక్షరాలే. బావ పేరు వెతికితే అర సెకనులో దొరికే అక్షరాలు. తర్వాత దాన్ని ప్రింటు తీశారు. పెద్దసారు సంతకం పెట్టారు, సీలు పడింది. ఆ కాగితాలను స్కానర్లో పెట్టి మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించారు. అక్షరంగా పుట్టింది, కాగితమై, చివరికి బొమ్మయి మా దగ్గరికి వచ్చింది. నేను మిమ్మల్ని అడగబోయేది కొత్త పని ఏమీ కాదు. మీరు ఎలాగూ టైపు చేసిన ఆ మొదటి ఫైలును కూడా మాకివ్వండి. నా కోరికంతా ఇంతే, మిగతా ఉత్తరమంతా దానికి వ్యాఖ్యానం.

"బొమ్మగా ఇస్తే అందరికీ కనపడుతుంది, టైపు చేసి పంపితే కొన్ని ఫోన్లలో కనపడదు" అని మీలో కొందరు అనడం విన్నాను. ఆ మాట ఒకప్పుడు నిజమే. నాకంటే బాగా ఎవరికి తెలుసు? 2007లో నేను తెలుగులో బ్లాగు మొదలుపెట్టినప్పుడు విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది కానీ, రీజినల్ సెట్టింగుల్లోకి పోయి సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టాలి, వెంటనే అది సీడీ అడుగుతుంది. నెట్ సెంటర్ ఆయన సీడీ ఇవ్వడు. నాలుగు నెట్ సెంటర్లు తిరిగి, లీలామహల్ దగ్గర ఒకాయన్ని బతిమాలుకుని, ఆ ఒక్క కంప్యూటరే నాదన్నట్టు వాడుకున్నాను. లేఖిని అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది, దాన్ని తీసుకొచ్చి బ్లాగులో అతికించేవాణ్ని. పాత ఫాంట్లలో ఉన్న పత్రికల సైట్లు చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు ఉండేది, వెన్న నాగార్జున గారు చేసి ఇచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు మొదటి ఇటుక పేర్చిందీ ఆయనే. నేను రాసేది ఏమంత గొప్ప సంగతులు కావు: ఆడాసిటీలో పాట ముక్క ఎలా కోయాలి, సెవెన్ జిప్ ఎందుకు, వీఎల్‌సీలో సబ్‌టైటిళ్లు ఎలా పెట్టుకోవాలి. మొదటి ఉత్తరం కువైట్‌లో డ్రైవరుగా ఉండే రాయచోటి ఆయన రాశాడు. "అన్నా, ఇయ్యన్నీ మన మాటల్లో చదివితే గాని నాకు ఎక్కలేదు" అని. ఆ వాక్యం కోసం పదేళ్లు రాశాను.

ఫోన్లలో ఇంకా ఘోరం. తెలుగు బ్లాగు తెరిస్తే వరసగా డబ్బాలు. ఒపెరా మినీ బ్రౌజరులో ఒక రహస్య సెట్టింగు ఉండేది, అడ్రసు పట్టీలో ఒపెరా కాన్ఫిగ్ అని కొట్టి, అడుగుకు పోయి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమని పెడితే, వాళ్ల సర్వరే తెలుగును బొమ్మలుగా మార్చి మన ఫోనుకు పంపేది. ఆ చిట్కా రాసిన రోజు నా బ్లాగుకు వచ్చినంత జనం మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ రోజుల్లో బొమ్మగా అయినా తెలుగు కనపడితే చాలని నేనే అందరికీ చెప్పాను. కానీ 2012లో ఆండ్రాయిడ్ జెల్లీబీన్ వచ్చినప్పటి నుంచి ఫోన్లోనే తెలుగు ఫాంటు ఉంటోంది. ఈరోజు ఐదారు వేల ఫోనులో కూడా తెలుగు కనపడుతుంది, టైపవుతుంది, వెతికితే దొరుకుతుంది, మాస్టారికి చదివి వినిపిస్తుంది. వాన వెలిసి పదేళ్లు దాటింది, మనం ఇంకా గొడుగు ముడవలేదు.

యూనికోడ్‌లో తెలుగుకు చోటు నిన్న మొన్న దొరికింది కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే ఉంది. 128 గడుల వరుస ఒకటి మనకిచ్చారు. అందులో 'క' గడి చిత్తూరులో అయినా చికాగోలో అయినా 'క'యే. 'శ్రీ' అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు గుర్తులుగా దాచుకుంటుంది, చూపించేటప్పుడు కలిపి శ్రీకారం చుడుతుంది. ఈ కలిపి కట్టడం తేలికేమీ కాదు లెండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి, ఆపిల్ వాళ్లు ఆదరాబాదరాగా కొత్త కూర్పు విడుదల చేశారు. లోకంలోని పత్రికలన్నీ తెలుగు అక్షరం గురించి రాశాయి. మాస్టారికి ఆ వార్త చదివి వినిపిస్తే, "జ్ఞానం అంత సులభంగా ఎక్కుతుందా" అన్నారు.

ఖర్చు సంగతి కూడా చూడండి. ఒక పేజీని స్కాన్ చేస్తే ఒక ఎంబీ దాకా అవుతుంది. అదే పేజీ అక్షరాలుగా అయితే, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు వేసుకున్నా ఐదు కేబీ దాటదు. సిగ్నలు సరిగా అందని కొండపల్లెలో మీ నోటీసు రావడానికి, రాకపోవడానికి మధ్య తేడా ఒక్కోసారి అదే. (ఎస్సెమ్మెస్ దగ్గర మాత్రం మనకు నష్టమే, ఒప్పుకుంటాను. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70. 'తిరుపతి' అనే మాటకే ఏడు పోతాయి.)

నాలుగేళ్లుగా ఒక పాడ్‌కాస్ట్ కూడా చేస్తున్నాను. భారతం ఆటగాళ్లను, హరికథ చెప్పేవాళ్లను, డోలు వాయించేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడం. స్టూడియో అంటే మా పడకగది. ఫ్యాను ఆపి, కిటికీకి రెండు దుప్పట్లు కట్టి, ఎదురింటి కుక్కరు మూడో విజిల్ అయ్యేదాకా ఆగి అప్పుడు మొదలుపెడతాం. మే నెలలో ఎపిసోడ్లు చిన్నవిగా ఎందుకుంటాయో వినేవాళ్లకు తెలియదు. ఆడాసిటీలో ముందు మాట లేని ఐదు సెకన్లను పట్టుకుని, ఇదీ మా ఇంటి హోరు అని దానికి చూపిస్తే, మిగతా రికార్డింగంతటా ఆ హోరును తీసేస్తుంది. మరీ ఎక్కువ తీస్తే మనిషి బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఎంత తీయాలో చెవికే తెలియాలి, అక్కడ మాస్టారే నాకు ఇంజనీరు.

మొదటి ఏడాది ఆడియో ఒక్కటే పెట్టాను. అరగంట ఎపిసోడు, పద్నాలుగు ఎంబీ. ఎవరైనా "ఫలానా దరువు మీ ఏ ఎపిసోడ్లో ఉంది" అని అడిగితే నాకే తెలిసేది కాదు, మళ్లీ అన్నీ వినాల్సి వచ్చేది. అప్పుడు బుద్ధొచ్చి, ప్రతి ఎపిసోడ్‌కూ కింద మాటలన్నీ రాసి పెట్టడం మొదలుపెట్టాను. అరగంట మాటలు వంద కేబీ కూడా కావు. మాటను అక్షరంగా మార్చే యాప్ ఒకటి వాడి చూశాను. హైదరాబాదు వార్తల తెలుగైతే బాగానే రాస్తుంది. మా వాళ్ల నోట్లోంచి వచ్చేసరికి తికమక పడుతుంది. 'సంగటి' అంటే 'సంగతి' అని రాసింది. 'ఊరిబిండి', అంటే మా వైపు పచ్చడి, 'ఊరి బండి' అయింది. రాత్రి ఆట అయినాక సంగటి, ఊరిబిండి తిన్నామని ఒక పెద్దాయన చెప్తే, సంగతి తెలిసి ఊరి బండి తిన్నామని రాసుకుంది. దాన్ని నేను తప్పుపట్టను. మా యాస అది ఎక్కడ చదివి నేర్చుకోవాలి? మా జిల్లాల మాటలు నెట్‌లో అక్షరాలుగా ఉంటే కదా. మీ ఆఫీసుల్లో ఊరూరి పేర్లు, పొలాల పేర్లు, చెరువుల పేర్లు, కులవృత్తుల పేర్లు కుప్పలుగా ఉన్నాయి. అన్నీ బొమ్మల్లో ఉన్నాయి.

నాయన పద్యాలను దిద్ది బ్లాగులో పెట్టిన ఆర్నెల్లకు, పుంగనూరు దగ్గర పల్లె నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ల తాత అదే మేళంలో శకునిట. తాత పాడే దరువులో మొదటి మాటలు నాలుగు గుర్తుండి, వాటిని ఫోన్లో కొడితే నా పేజీ వచ్చిందట. నేను చుక్కలు పెట్టి వదిలేసిన నాలుగు చోట్లలో రెండింటిని ఆయన ఫోన్లోనే పాడి పూరించాడు. ఆ పేజీని నేను స్కాన్ చేసి పెట్టి ఉంటే ఆయనకు ఏ జన్మకూ దొరికేది కాదు.

మన కొండమీదే ఉంది ఉదాహరణ. తాళ్లపాక వారి సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి గుడిలో ఒక చిన్న గదిలో పెట్టారు. అన్నమయ్య 1503లో పోయాడు, ఆ రేకులు శతాబ్దాల తరబడి ఎవరి కంటా పడకుండా అక్కడే ఉన్నాయి. రాగి చెదలు తినదు, నిజమే. కానీ వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు కూర్చుని ఒక్కో రేకూ చదివి, అచ్చుకెక్కించి, రాగాలు కట్టాకే మా మాస్టారి లాంటివాళ్లు పాడగలిగారు.

చట్టాల పేరెత్తి బెదిరించడం నాకు ఇష్టం లేదు, మీకు తెలియనివీ కావు. మన రాష్ట్రంలో తెలుగు అధికార భాష చట్టం 1966 నాటిది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, అడగకముందే సమాచారం బయటపెట్టమనీ, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమనీ చెప్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షను, అందరికీ అందే రూపంలో సమాచారం ఉండాలంటుంది. వాట్సాప్‌లో సేవలిచ్చే మన మిత్ర 2025 జనవరిలో మొదలైంది. అంటే ఫోన్లో తెలుగు అక్షరాలతో జనంతో మాట్లాడొచ్చని ప్రభుత్వమే చేసి చూపించింది. ఇక మిగిలింది మీ టేబుల్ మీది అలవాటు.

సంతకం, సీలు లేనిదే ఎవరు నమ్ముతారు అంటారు. పెట్టండి. సంతకమున్న స్కానును తీసేయమని నేను అనడం లేదు. దాని పక్కనే, వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేసిన ఫైలును కూడా పెట్టండి. ప్రింటు తీసి స్కాన్ చేయడం కంటే అదే తక్కువ పని. డిజిటల్ సంతకం ఉన్న ఆఫీసైతే అసలు స్కానే అక్కర్లేదు. అక్షరాలుగా ఇస్తే ఎవరైనా మార్చి తిప్పుతారనే భయం ఒకటి ఉంది. అది ఉత్త భయం అనను, మా వీధి గ్రూపులోనే అలాంటివి చూశాను. కానీ బొమ్మను మార్చడం ఈరోజు ఇంటర్ చదివే పిల్లవాడికి రెండు నిమిషాల పని. అసలు నోటీసు మీ సైటులో తేదీతో సహా అక్షరాలుగా ఉంటేనే, తిరుగుతున్నది నకిలీ అని మేం వెతికి తేల్చుకోగలం.

వాట్సాప్‌లో అయితే ఇంకా తేలిక. ఫోటో పెట్టండి, దాని కిందే ఆ నాలుగు లైన్లు మెసేజీగా కూడా పెట్టండి. ఏ వీధి, ఏ రోజు, ఏ నంబరు. నంబరు అక్షరాలుగా ఉంటే దాని మీద వేలు పెడితే ఫోన్ వెళ్తుంది, పలమనేరు వ్యాపారి నిద్ర చెడదు.

ఆపరేటర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట విడిగా. పాత ఫాంటులో చెయ్యి తిరిగినవాళ్లకు కొత్త కీబోర్డు ఎంత చిరాకో నాకు తెలుసు. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు నేర్చుకున్నప్పుడు మూడు వారాలు చేతులు కట్టేసినట్టు ఉండింది. తర్వాత పట్టు దొరికింది: చాలామటుకు గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. 'క' ఇంగ్లీషు కే మీదే ఉంటుంది. అది విండోస్‌లోనే ఉంది, కొనక్కర్లేదు. యూనికోడ్ ఫాంట్లు అందంగా ఉండవన్నది కూడా పాత మాటే. రాష్ట్ర ప్రభుత్వం, సిలికాన్ ఆంధ్ర కలిసి కవుల పేర్లతో, పెద్దల పేర్లతో ఉచితంగా ఇచ్చిన ఫాంట్లున్నాయి. పెద్దన, తిమ్మన, మల్లన్న, మండలి. మా శ్రీకాళహస్తి ధూర్జటి పేరు మీద కూడా ఒకటి ఉంది, శీర్షికలకు భలే ఉంటుంది. నోటీసుకు అది వాడొద్దు, మరీ పెళ్లిపత్రికలా ఉంటుంది.

మీరు చేసిన ఫైలు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నన్ను పిలవక్కర్లేదు. తెరిచి, కంట్రోల్, ఎఫ్ నొక్కి, మీ ఊరి పేరు తెలుగులో కొట్టండి. పసుపురంగు పడిందంటే బాగున్నట్టు. పడలేదంటే అది బొమ్మన్నా అయి ఉండాలి, పాత ఫాంటు వేషమన్నా అయి ఉండాలి. పాత స్కాన్లను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ కూడా ఇప్పుడు తెలుగుకు ఉంది, కానీ దాని మీద పూర్తిగా ఆధారపడకండి. 'మ'ను 'వు' అంటుంది, 'వు'ను 'మ' అంటుంది. పేర్ల జాబితాలకైతే మనిషి కన్ను పడాల్సిందే, లేకపోతే మా బావ ఇంటిపేరు ఇంకోసారి మారిపోతుంది.

ఆదివారాలు నాకు ఖాళీ. ఏ ఆఫీసైనా, పంచాయతీ అయినా, సచివాలయం అయినా కబురు పెడితే పెన్‌డ్రైవ్‌తో వస్తాను. ఫాంట్లు, కీబోర్డు, కన్వర్టరు అన్నీ ఎక్కించి, ఒక పూట కూర్చుని చూపించి పోతాను. పాత ఫైళ్లు ఉంటే వాటినీ తీసి చూద్దాం. డబ్బులొద్దు. టీలో చక్కెర తక్కువ వేయించండి చాలు. మాస్టారు కూడా వస్తానన్నారు. మీరు చేసిన నోటీసును ఆయన ఫోనుకు పంపి, అది చదువుతుందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాత డీటీపీ ఆపరేటరు,
తిరుపతి

తాజాకలం: ఈ ఉత్తరం నచ్చి ఎవరికైనా పంపాలనుకుంటే దయచేసి స్క్రీన్‌షాట్ తీయకండి. మాస్టారు మళ్లీ మా గేటు దాకా నడిచి రావాలి, ఎండ బాగా ఉంది.